ల్యాప్‌టాప్ ఆన్ కావట్లేదా? ముందు డిస్కు సంగతి చూడండి

కిందటి వానాకాలంలో నరసాపురం వైపు పల్లెటూరి నుంచి ఒకావిడ మా షాపుకి వచ్చారు. ల్యాప్‌టాప్‌ని తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. "తమ్ముడూ, ఇది బాగవకపోయినా పర్లేదు. లోపల మా అత్తగారి లేసు డిజైన్లు ఉన్నాయి, అవి రావాలి" అన్నారు. ఆవిడ అత్తగారు చిన్నప్పటి నుంచి అల్లిన నమూనాలవి. గుడ్డ మీద ఉన్నవి చెదలు తినేశాయి. మిగిలినవి ఆ స్కాన్లే. ముందురోజు ఇంకో షాపులో చూపిస్తే, విండోస్ కొత్తగా వేసేస్తే సరిపోతుంది, సాయంత్రం వచ్చి పట్టుకెళ్లండి అన్నారట. ఆవిడకి ఎందుకో మనసొప్పక వెనక్కి తెచ్చేసుకున్నారు. అలా తెచ్చుకోబట్టే డిజైన్లు మిగిలాయి.

నేను పాలకొల్లులో కంప్యూటర్లు బాగుచేయబట్టి పధ్నాలుగేళ్లయింది. ఆన్ కాని ల్యాప్‌టాప్ చేతిలో పెట్టి "అంతా పోయిందండీ" అని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లందరికీ ముందు ఒకటే చెబుతాను. ల్యాప్‌టాప్ వేరు, డిస్కు వేరు. మీ ఫోటోలు, లెక్కలు, కాగితాలు ఉండేది డిస్కులో. బోర్డు కాలిపోయినా, తెర పగిలిపోయినా, విండోస్ పాడైపోయినా డిస్కు నిక్షేపంగా ఉండొచ్చు. దాన్ని పాడుచేసేది చాలాసార్లు ఆ తర్వాత మనం పడే కంగారే.

కాబట్టి పవర్ బటన్‌ని మళ్లీ మళ్లీ నొక్కడం ఆపండి. ఒక్కసారి నొక్కి నాలుగు విషయాలు గమనించి కాగితం మీద రాసుకోండి: లైటు వెలుగుతోందా, ఫ్యాను తిరుగుతోందా, తెర మీద ఏమైనా కనిపిస్తోందా, లోపల టిక్ టిక్ మని చప్పుడు వస్తోందా. చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేయండి. కింద దాని గురించి విడిగా రాశాను, అక్కడికి వెళ్లిపోండి.

లైటే వెలగకపోతే చార్జర్ తీసేయండి, పెన్‌డ్రైవ్, మౌస్ లాంటివన్నీ పీకేయండి. పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. తర్వాత చార్జర్ వేరే ప్లగ్గులో పెట్టి చూడండి. వీలైతే అదే రకం చార్జర్ ఇంకొకటి అడిగి తెచ్చుకోండి. ఇంతమాత్రానికే లేచి కూర్చున్న ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి. లైటు, ఫ్యాను ఉండి తెర నల్లగా ఉంటే, టార్చిలైటు పక్కవాటుగా వేసి చూడండి. మసకగా బొమ్మ కనిపిస్తే పోయింది తెర వెనక వెలుతురు మాత్రమే. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఇంట్లో టీవీకి తగిలించి అక్కడినుంచే ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు.

కంపెనీ బొమ్మ వచ్చి అక్కడే ఆగిపోతోందంటే, లేదా రిపేరు రిపేరు అంటూ తిరుగుతోందంటే, ఎక్కువగా విండోస్ పాడయిందని అర్థం. అయినా రీసెట్ అన్న మాట జోలికి వెళ్లకండి. మీ ఫైళ్లు ఉంచుతాను అని అది అన్నా, కాపీ చేతిలో పడేదాకా నమ్మకండి. విండోస్ మొదలయ్యేటప్పుడు రెండు మూడుసార్లు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేస్తే తర్వాతిసారి నీలం రంగు రిపేరు తెర వస్తుంది (చప్పుడు చేసే డిస్కుతో ఈ పని అస్సలు చేయకూడదు). అందులో ట్రబుల్‌షూట్, తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, తర్వాత కమాండ్ ప్రాంప్ట్. నల్లటి కిటికీ తెరుచుకున్నాక ఇంగ్లీషు అక్షరాల్లో నోట్‌ప్యాడ్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్ నొక్కితే ఫోల్డర్లు కనిపించే చిన్న కిటికీ వస్తుంది. కింద "ఆల్ ఫైల్స్" ఎంచుకోండి. ఇక మీ ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ చేసి కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్. ఇక్కడ సీ డ్రైవ్ డీ పేరుతో కనిపించొచ్చు, కంగారు పడకండి. కాపీ అవుతున్నట్టు గీత కూడా కనిపించదు, అంతా బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ఓపిక పట్టండి. ఒక్కొక్క ఫోల్డరే చేసుకోండి.

అది కుదరకపోతే ఉబుంటు, అంటే విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. వేరే కంప్యూటర్లో రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు ఎక్కించి, పాడైన ల్యాప్‌టాప్‌ని దాంతో మొదలుపెట్టాలి. ఆ పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ఖాళీది వాడండి. ఆన్ చేస్తూనే డెల్, లెనోవో, ఏసర్‌లకు చాలావాటిలో ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9 వరసగా తడుతుంటే ఎక్కడి నుంచి మొదలవ్వాలో అడుగుతుంది. ఉబుంటు వచ్చాక "ట్రై" అన్నదే నొక్కండి. "ఇన్‌స్టాల్" నొక్కితే మీ డిస్కు మీదే రాసేసే ప్రమాదం ఉంది. మీ డిస్కుని చదవడానికి మాత్రమే తెరుస్తానని, రాయనివ్వనని అది అంటే సంతోషించండి. మనకి కావాల్సింది చదవడమే.

ఏదీ ఆన్ కాకపోతే డిస్కు బయటికి తీయాలి. మా వైపు సగం కేసులు ఇక్కడికే వస్తాయి. సముద్రపు గాలి, రొయ్యల చెరువుల పక్కన ఇళ్లు, ఏడాదిలో ఎక్కువ భాగం తేమ. బోర్డు మీద రాగి కనెక్షన్లు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. లేసు అక్కగారి ల్యాప్‌టాప్ కూడా అంతే, బోర్డు పూర్తిగా పోయింది. వెనక మూత విప్పగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి, ఆ తర్వాతే ఇంకేదైనా ముట్టుకోండి. పాతవాటిలో అరచేతిలో పట్టే రెండున్నర అంగుళాల డిస్కు ఉంటుంది, దానికి సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ సరిపోతుంది. కొత్తవాటిలో చూయింగ్ గమ్ ముక్కలాంటి సన్నటి ఎం.2 పలక ఉంటుంది. వాటిలో సాటా రకం వేరు, ఎన్‌వీఎంఈ రకం వేరు. పలకని పెట్టి యూఎస్‌బీకి తగిలించే డబ్బా (కేసు అంటారు) కొనేటప్పుడు పలకని కూడా షాపుకి పట్టుకెళ్లి చూపించండి. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. కొన్ని చవక మోడళ్లలోనూ, కొత్త మ్యాక్‌బుక్‌లలోనూ డిస్కు బోర్డుకే అతికించి ఉంటుంది, ఊడదీయలేం. అప్పుడు బోర్డునే బతికించగలిగినవాళ్ల దగ్గరికి వెళ్లాలి.

డిస్కుని ఇంకో కంప్యూటర్‌కి తగిలించాక మూడు రకాల మాటలు రావొచ్చు. ఈ ఫోల్డర్ చూసే అనుమతి మీకు లేదు అంటే కంటిన్యూ నొక్కండి. ఫార్మాట్ చేస్తేనే వాడగలరు అంటే కాన్సిల్ నొక్కండి. ఎంతమంది భయంతో ఇక్కడ ఓకే నొక్కేశారో! ఎస్‌ఎస్‌డీని (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో సమాచారం దాచే డిస్కు, ఎం.2 పలకలు ఈ రకమే) ఫార్మాట్ చేస్తే ట్రిమ్ అనే ఏర్పాటు పాత సమాచారాన్ని లోపల్లోపలే తుడిచేస్తుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. అందుకే ఏ షాపుకి వెళ్లినా "విండోస్ వేసేముందు నా ఫైళ్లు కాపీ చేసి చూపించండి" అని అడగండి. మొహమాటపడకండి.

మూడోది బిట్‌లాకర్. చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్కుకి తాళం దానంతటదే పడుతుంది. మీరు వేయలేదని నాకు తెలుసు, అయినా పడుతుంది. డిస్కుని వేరే చోట తగిలించగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే నేనే కాదు, తయారుచేసిన కంపెనీ కూడా తెరవలేదు. అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఫోన్లో ఆ అకౌంట్ తెరిచి డివైసెస్ దగ్గర చూడండి. తెర మీద కనిపించే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలూ అక్కడున్న ఐడీతో సరిపోలాలి. "నాకు అసలు అకౌంటే లేదండీ" అంటారు చాలామంది. కొన్నరోజు ఎవరు లాగిన్ చేసిపెట్టారో గుర్తు తెచ్చుకోండి. కొడుకో, అల్లుడో, అమ్మిన షాపులో కుర్రాడో.

ఇక చప్పుడు చేసే డిస్కు. నా మొదటి రోజుల్లో ఒక పెళ్లి ఫోటోల డిస్కు వచ్చింది, అప్పుడప్పుడు టిక్ మంటోంది. నేను డిస్కులో తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ ప్రోగ్రామ్ వేసి రాత్రంతా వదిలేశాను. అది పాడైన చోటల్లా పదే పదే చదివీ రాసీ, తెల్లారేసరికి డిస్కు ఊపిరి వదిలేసింది. ఆ పెళ్లికూతురి తండ్రి అప్పటికి చనిపోయి ఉన్నారు. ఆ సంగతి ఈరోజుకీ మర్చిపోలేదు. డిస్కు లోపల చదివే తల పళ్లెం మీద నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది, కంటికి కనపడని దుమ్ము కూడా దానికి బండరాయే. కాబట్టి మూత విప్పకూడదు, తట్టకూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. టిక్ టిక్ మంటే ఆపేసి, హైదరాబాద్, చెన్నై లాంటి చోట్ల ఉన్న డేటా రికవరీ ల్యాబ్‌కి పంపండి. ఖర్చెక్కువే. ఫైళ్ల జాబితా చూపించాకే డబ్బు తీసుకుంటారా అని ముందే అడగండి.

చప్పుడు లేకుండా నెమ్మదిగా మొరాయించే డిస్కు అయితే నేను డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడతాను. అది బాగున్న చోట్లన్నీ ముందు చదివి ఇంకో డిస్కులోకి నకలు తీస్తుంది, మొండికేసిన చోట్లకి చివర్లో వెళ్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా మళ్లీ అక్కడినుంచే మొదలుపెట్టొచ్చు. ఫైళ్లు వెతకడం ఆ నకలులోనే, అసలు డిస్కుని మళ్లీ ముట్టుకోం.

2022 జులై వరదలప్పుడు లంక గ్రామాల నుంచి మునిగిన ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. చాలావాటిని ఎండలో ఆరబెట్టి తెచ్చారు, కొన్నిటిని బియ్యం డబ్బాలో పెట్టి తెచ్చారు. బియ్యం బోర్డు లోపలి నీటిని లాగదు. ఎండ ఇంకా చేటు చేస్తుంది. గోదావరి ఎర్రనీళ్లలో ఒండ్రు ఉంటుంది, పాతరకం హార్డ్‌డిస్కుకి గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి వెళ్లిన ఒండ్రు ఆరిపోతే పళ్లేలకి అంటుకుపోతుంది. మునిగిన హార్డ్‌డిస్కుని ఆరబెట్టకుండా, కరెంటు ఇవ్వకుండా, తడిగుడ్డతో సహా మూతపడే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ల్యాబ్‌కి పంపాలి. ఎస్‌ఎస్‌డీ పలక అయితే కొంచెం నయం, శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరబెట్టగలిగినవాళ్ల చేతికి ఇస్తే చాలాసార్లు బతుకుతుంది.

డిస్కు తెరుచుకున్నాక సినిమాలు కాపీ చేస్తూ కూర్చోకండి, ఎప్పుడు మళ్లీ మొండికేస్తుందో తెలీదు. ముందు యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు మీద ఉన్న డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్. ట్యాలీలో చెరువు లెక్కలు రాసేవాళ్లు ట్యాలీ డేటా ఫోల్డర్‌ని మర్చిపోకండి, అది చాలాసార్లు యూజర్స్‌లోనే పబ్లిక్ అన్న ఫోల్డర్‌లో ఉంటుంది. శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ వాళ్లు పేజ్‌మేకర్ ఫైళ్లతోపాటు అను ఫాంట్లు కూడా తెచ్చుకోండి, లేకపోతే ఫైలు తెరుచుకున్నా తెలుగు కనపడదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు, ముందే ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చి పెట్టుకోండి. కాపీ అయ్యాక పది ఫైళ్లు తెరిచి చూడండి. పేరు కనిపించినంత మాత్రాన లోపల బొమ్మ ఉన్నట్టు కాదు.

అక్కగారి ఎం.2 పలకని కేసులో పెట్టగానే 48 అంకెలు అడిగింది. ఆవిడ మొహం చూస్తే నాకూ టెన్షన్ వచ్చింది. కొన్నప్పుడు లాగిన్ చేసింది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే వాళ్లబ్బాయి. ఫోన్ చేస్తే, భోజనం మధ్యలో లేచి అకౌంట్ తెరిచి, ఆరేసి అంకెల చొప్పున చదివాడు. నేను కొడుతుంటే ఆవిడ పక్కన నిలబడి నాతోపాటు ప్రతి అంకె పైకి చదివారు. తెరుచుకుంది. ఆరు వందల పైచిలుకు స్కాన్లు. అన్నీ రెండు డిస్కుల్లోకి ఎక్కించాం. ఒకటి ఆవిడ బీరువాకి, ఒకటి వాళ్లబ్బాయికి. వెళ్లేముందు ఒక డిజైన్ తెర మీద పెద్దది చేయించుకుని, "ఈ ద్రాక్షగుత్తి మా అత్తగారు నా పెళ్లికి అల్లింది" అని వేలితో గీత వెంట గీత చూపించారు.