బాత్రూం లీకేజీ: గచ్చు పగలగొట్టే ముందు జాడ పట్టడం

కింది గది స్లాబుకు నెమ్ము కనిపించగానే మేస్త్రీని పిలిచి పైన బాత్రూం టైల్స్ అన్నీ లేపించే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఖర్చు చాలాసార్లు అక్కర్లేనిది. నీళ్లు ఎప్పుడెప్పుడు దిగుతున్నాయో రెండు రోజులు కనిపెట్టి చూస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు బయటపడుతుంది. చుక్కలు లైటు పక్కనో ఫ్యాను కొక్కెం దగ్గరో పడుతుంటే మాత్రం ముందు కరెంటు బోర్డులో ఆ గది ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్చు) దించండి.

రాత్రీ పగలూ ఒకే తీరుగా కారుతోంది

వాడినా వాడకపోయినా తేడా లేకుంటే అది నీళ్లొచ్చే పైపే. మిద్దె మీది ట్యాంకు దగ్గర బాత్రూం లైనుకున్న వాల్వ్ కట్టేసి ఒక పూట చూడండి. కారడం తగ్గిందంటే ఖాయం. తర్వాత వాల్వ్ తెరిచి, గీజర్‌లోకి నీళ్లు పోయే యాంగిల్ కాక్ (గోడకుండే చిన్న వాల్వ్) ఒక్కటే కట్టండి. ఇప్పుడు ఆగితే తప్పు గీజర్‌లోనో వేడినీళ్ల లైన్లోనో ఉంది. వేడినీళ్లకు సీపీవీసీ (వేడి తట్టుకునే ప్లాస్టిక్ పైపు) వేయాల్సిన చోట మామూలు పీవీసీ వేసిన ఇళ్లలో అతుకులు మెత్తబడి వదులవుతాయి.

గోడలో సరిగ్గా ఎక్కడో తేలకపోతే ప్లంబర్‌తో ప్రెషర్ పంపు పెట్టించండి. గీజర్ విడదీసి, నల్లాలు తీసిన చోట డమ్మీలు (మూతలు) బిగించి, చదరపు సెంటీమీటరుకు 4 కేజీల ఒత్తిడి పెట్టి, పంపు మీటరు ముల్లు పడిపోతోందేమో గంటసేపు చూడాలి. 10 మీటర్ల ఎత్తునున్న ట్యాంకు ఇచ్చే ఒత్తిడే దాదాపు 1 కేజీ కాబట్టి ఇంతకు మించి ఎక్కించాల్సిన పని లేదు. ఎక్కువ తప్పులు నల్లా బిగించే ఎల్బో (వంపు ముక్క) మరల దగ్గరే దొరుకుతాయి. అక్కడ టెఫ్లాన్ టేపు మర తిరిగే వైపుకే 8 నుంచి 10 చుట్లు చుట్టి బిగించాలి. సీపీవీసీ కోసి అతికేటప్పుడు పైపులో చుక్క నీరు కూడా ఉండకూడదు. అతికాక ఒక రాత్రి ఆగి నీళ్లు వదలండి.

గోడలో పాత జీఐ పైపు (జింకు పూత ఇనుప పైపు) ఉంటే ఒక్క అతుకు బాగుచేయడం దండగ. ఆ మర తిప్పినప్పుడు తుప్పు పట్టిన పక్క అతుకు వదులవుతుంది. పాత లైను మూసేసి గోడ మీదుగా కొత్త సీపీవీసీ వేయించడమే మేలు.

స్నానాల తర్వాతే పెరుగుతోంది

ఇక్కడ ఓపిక కావాలి. నహానీ ట్రాప్ (గచ్చు మీది నీళ్లు పోయే జాలీ కింది గిన్నె), కింది డ్రైన్ పైపు, గచ్చు సందులు మూడింటికీ లక్షణం ఒకటే. గచ్చును ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. సన్న పైపు ట్రాప్ గొంతులోకి దించి, గచ్చు తడవకుండా 5 బకెట్ల నీళ్లు వదలండి. రెండు గంటల్లో కింద తడి కనిపిస్తే డ్రైన్ అతుకు పోయింది.

కనిపించకపోతే పాత గుడ్డను పాలిథిన్ కవర్లో చుట్టి ట్రాప్ గొంతులో గట్టిగా దూర్చండి. గడప దాటకుండా అంగుళం ఎత్తు నీళ్లు నింపి, నీలిమందు కలిపి, గోడ మీద పెన్సిల్ గీత పెట్టి 24 గంటలు వదిలేయండి. తలుపు మూసిన గదిలో ఆవిరయ్యేది చాలా తక్కువ. గీత బాగా దిగినా, కింద నీలం మరక వచ్చినా నీళ్లు గచ్చులోంచే పోతున్నాయి. ట్రాప్ అంచా, టైల్స్ సందులా అన్నది తేలాలంటే గచ్చు ఆరాక ట్రాప్ చుట్టూ మట్టిముద్దతో జానెడు కట్ట వేసి, గొంతు మూసే ఉంచి, అందులో మాత్రమే నీళ్లు నింపండి. కింద తడి వస్తే ట్రాప్ అంచే, రాకపోతే సందులే.

ట్రాప్ అంచే అయితే దాని చుట్టూ 4 అంగుళాలు మాత్రం ఉలితో కొట్టించి, దుమ్ము కడిగి, కుంచించుకుపోని గ్రౌట్ (సందులు పూడ్చే ముద్ద) నింపాలి. ఆరాక వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పూతలు, రెండోది మొదటిదానికి అడ్డంగా. టైల్ వేసే ముందు మళ్లీ 24 గంటలు నీళ్లు నిలిపి చూడాలి. ఈ ఒక్క పరీక్ష ఎగ్గొట్టడం వల్లే చేసిన పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

సందులు ఎందుకు పోతాయి

నల్గొండ, పాలమూరు పల్లెల్లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో మొదట అడగాల్సింది యాసిడ్ గురించే. ఉప్పు నీళ్ల వల్ల గచ్చు మీద, నల్లాల మీద తెల్లటి పొర కడుతుంది. దాన్ని వదిలించడానికి వారం వారం యాసిడ్ పోస్తారు. ఆ పొరలో ఉన్నది సున్నమే, సందుల్లోని సిమెంటులో ఉన్నదీ సున్నమే. రెంటినీ యాసిడ్ ఒకేలా కరిగిస్తుంది. షాబాద్, తాండూరు బండలైతే అవి సున్నపురాళ్లే కాబట్టి బండ కూడా నురగ కక్కి తరిగిపోతుంది. పైగా యాసిడ్‌కు బ్లీచింగ్ తగిలితే విషవాయువు వస్తుంది. ఆ రెండూ ఒకే రోజు వాడొద్దు.

పాడైన సందుల్ని హాక్సా బ్లేడుతో 3 మిల్లీమీటర్ల లోతున గీకి, రెండు రోజులు ఆరబెట్టి, ఎపాక్సీ గ్రౌట్ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు రకం) నింపండి. తడి ఉంటే అది అంటుకోదు. ఎండాకాలం మధ్యాహ్నం కలిపితే నింపేలోపే గట్టిపడుతుంది. పొద్దున్నే, పావుకిలో చొప్పున కలపండి. అంచులకు అంటిన జిగురును తడి స్పాంజితో వెంటనే తుడవాలి, ఆరిందంటే వదలదు. 24 గంటల వరకు నీళ్లు తగలకూడదు. ఆ తర్వాత రోజూ వైపర్‌తో నీళ్లు లాగేస్తే తెల్ల పొరే అంతగా కట్టదు. నల్లాల మీది పొరకు నిమ్మఉప్పు నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి అరగంట ఉంచితే చాలు.

ఫ్లష్ చేసినప్పుడే కారుతోంది

కమోడ్ వెనుక పైపుతో కలిసే అతుకు తెల్ల సిమెంటుతో చేసి ఉంటే పగిలి ఉంటుంది. కమోడ్ లేపి రబ్బరు కనెక్టర్ వేయించండి. సిమెంటు మెత్తినది నిలవదు.

కింది స్లాబుకు వాటర్‌ప్రూఫ్ పెయింటు వేసి సరిపెట్టుకోవద్దు. నీళ్లు స్లాబులోనే నిలిచి చువ్వలు తుప్పు పడతాయి, పెచ్చులు ఊడతాయి. సంక్ స్లాబు (బాత్రూం కింద స్లాబును పల్లంగా పోసి పైన నింపుడు వేసినది) ఉన్న ఇంట్లో పని అయ్యాక కూడా లోపల నిలిచిన నీళ్లు వారం, రెండు వారాలు దిగుతూనే ఉంటాయి. తడి మరక అంచున పెన్సిల్ గీత గీసి పెట్టండి. 15 రోజుల తర్వాత మరక గీత దాటితేనే మళ్లీ ట్రాప్ పరీక్ష నుంచి మొదలుపెట్టాలి.