చలికాలంలో ఆండర్‌మాట్ వెళ్తున్నవాళ్లు ముందే చూసుకోవాల్సినవి

స్విట్జర్లాండ్‌లో ఉర్సెరెన్ లోయలో, సుమారు 1,440 మీటర్ల ఎత్తులో ఉన్న చిన్న ఊరు ఆండర్‌మాట్. ఊరి నెత్తిన, గుర్షెన్ వాలు మీద ముక్కోణంలా ఒక అడవి కనిపిస్తుంది. పైనుంచి జారే మంచును అడ్డుకునేది అదే కాబట్టి అక్కడ చెట్టు కొట్టకూడదని 1397లోనే కట్టడి పెట్టుకున్నారు. అయినా 1951 జనవరి 20న మంచు చరియలు ఊరి మీద పడి 13 మంది పోయారు. కాబట్టి అక్కడివాళ్లు దారి మూసేశారంటే, ఎండ ఎంత బాగున్నా సరే, తాడు దాటి అడుగు పెట్టకండి. ఆ అడవిలోంచి స్కీ కూడా చేయొద్దు, మంచు కింద లేత మొక్కలుంటాయి, స్కీ అంచు తగిలితే వాటి కొసలు తెగిపోతాయి.

డావోస్‌లోని ఎస్‌ఎల్‌ఎఫ్ (మంచు, మంచు చరియల మీద పరిశోధన చేసే సంస్థ) చలికాలంలో సాయంత్రం 5 గంటలకి, మళ్లీ పొద్దున 8కి మంచు చరియల ప్రమాదం మీద బులెటిన్ ఇస్తుంది, అది చూడకుండా బయల్దేరొద్దు. ప్రమాదానికి 1 నుంచి 5 దాకా అంకెలుంటాయి. 3 అని కనిపిస్తే మనవాళ్లు "మధ్యస్తమే కదా" అనుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. మంచు చరియల మరణాల్లో దాదాపు సగం ఆ 3 ఉన్న రోజుల్లోనే జరుగుతున్నాయి. కొత్త మంచు పడి, గాలి వీచి, మర్నాడు ఆకాశం నీలంగా తేలిందంటే అందరికీ హుషారొస్తుంది, అదే అన్నిటికన్నా చెడ్డ రోజు. 30 డిగ్రీలు దాటిన వాలు జోలికి వెళ్లొద్దు. చాలాసార్లు ఆ మంచును కదిలించేది దాని మీద నడిచే మనిషే.

గుర్తు పెట్టిన దారి వదిలి వెళ్లేవాళ్ల దగ్గర బీకన్ (మంచులో కూరుకుపోయిన మనిషి ఎక్కడున్నాడో సిగ్నల్‌తో చెప్పే పరికరం), ప్రోబ్ కర్ర (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కర్ర), పార మూడూ ఉండాలి, అవి వాడటం ముందే ప్రాక్టీస్ చేసుండాలి. మంచులో కూరుకుపోయిన మనిషికి మొదటి 10 నిమిషాలే ప్రాణం. హెలికాప్టర్ వచ్చేలోపు తవ్వాల్సింది పక్కనున్నవాళ్లే. అయినా హెలికాప్టర్‌తో కాపాడే రేగా సంస్థ నంబరు 1414కి ఫోన్ చేయడం మర్చిపోవద్దు.

కారులో వెళ్లేవాళ్లు జీపీఎస్‌ని నమ్మొద్దు. ఫుర్కా, ఓబరాల్ప్, గోట్‌హార్డ్ కనుమల రోడ్లు చలికాలమంతా మూసే ఉంటాయి. పడమటి నుంచి వచ్చేవాళ్లు 1982లో తెరిచిన ఫుర్కా సొరంగంలో కారును రైలెక్కించుకోవచ్చు. ఉత్తరం నుంచి గోషెనెన్ మీదుగా షోలెనెన్ ఇరుకు లోయలో వచ్చే దారి ఉంది గానీ, మంచు ఎక్కువైతే దాన్నీ ఆపేస్తారు. అప్పుడు ఊళ్లోనే ఉండిపోవాలి, అందుకే బీపీ, షుగర్ మాత్రలు, పసిపిల్లల పాలపొడి రెండు మూడు రోజులకి ఎక్కువే పెట్టుకోండి. తిరుగు ఫ్లైట్ మర్నాడే ఉండేలా టికెట్ మాత్రం తీసుకోవద్దు, ఆ టెన్షన్‌తోనే జనం మూసిన దారిలో దూరతారు.