ఊలు టోపీ: వదులుగా అల్లి, వేడినీళ్లలో బిగించడం

మొదట ఊలు సంగతి చూసుకోండి, ఎందుకంటే అక్కడ తప్పితే తర్వాత ఎంత ఉతికినా లాభం లేదు. లేబుల్ మీద నూరు శాతం ఊలు అని ఉండాలి. యాక్రిలిక్ అస్సలు బిగుసుకోదు. 'సూపర్‌వాష్' అని రాసి ఉంటే అది మెషీన్‌లో వేసినా ముడుచుకోకుండా ముందే శుద్ధి చేసిన ఊలు, మనకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఊలు పోగు మీద సన్నటి పొలుసులు ఉంటాయి. వేడి, తడి, సబ్బు, రాపిడి నాలుగూ కలిసినప్పుడు అవి ఒకదాన్నొకటి పట్టుకుని, గుడ్డ దగ్గరకు లాక్కుని దళసరి అవుతుంది. దీన్నే ఫెల్టింగ్ అంటారు. ఒకసారి పట్టుకున్నాక విడదీయడం కుదరదు.

అందుకే నమూనా ముక్క అల్లకుండా మొదలుపెట్టొద్దు. విసుగే, ఒప్పుకుంటాను, కానీ ఒక్కో ఊలు ఒక్కోలా ముడుచుకుంటుంది, అదే కంపెనీ తెల్ల రంగూ నల్ల రంగూ కూడా ఒకేలా ఉండకపోవచ్చు. మామూలుగా 5 మిల్లీమీటర్ల సూదులతో అల్లే ఊలు అయితే 8 మిల్లీమీటర్ల సూదులు తీసుకుని, 20 సెంటీమీటర్ల చదరం ముక్క అల్లండి. 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు పడ్డాయో రాసుకున్నాకే దాన్ని ఉతకండి.

ఉతికాక వెడల్పు 15, పొడవు 13 అయిందనుకుందాం (పొడవే ఎక్కువ తగ్గడం మామూలే). తల చుట్టుకొలత 56 అయితే 56ని 20తో గుణించి 15తో భాగించండి, దాదాపు 75 వస్తుంది. టోపీ ఎత్తు 20 కావాలంటే అదే లెక్కన 31 సెంటీమీటర్లు అల్లాలి. 10 సెంటీమీటర్లకు 12 కుట్లు పడితే మొత్తం 90 కుట్లు. ఈ అంకెలు ఉదాహరణకే, మీ ముక్క ఏం చెబితే అదే లెక్క.

సర్క్యులర్ సూది (రెండు పొట్టి సూదులను తీగతో కలిపినది) మీద 90 కుట్లు వదులుగా ఎక్కించి, మెలిక పడలేదని చూసుకుని గుండ్రంగా కలపండి. ఇక 20 సెంటీమీటర్ల వరకు చుట్టూ నిట్ కుట్టే (అల్లికలో మామూలు సాదా కుట్టు); లెక్కలోని 31లో మిగతాది నడినెత్తి భాగానికి పోతుంది. అంచుకు రిబ్బింగ్ (స్వెటర్ అంచులా సాగే గీతల అల్లిక) వేయాలనిపిస్తుంది, వద్దు, ఫెల్ట్ అయ్యాక దానికి సాగే గుణం ఉండదు. తర్వాత నడినెత్తి భాగం: ఎనిమిది కుట్లు అల్లి, రెండు కలిపి ఒకటిగా అల్లండి, చుట్టంతా ఇదే వరస. మధ్యలో ఒక చుట్టు మామూలుగా, ఆపైన ఏడు అల్లి రెండు కలపడం, మళ్లీ మామూలు చుట్టు, తర్వాత ఆరు, ఇలా తగ్గించుకుంటూ పోతే చివరికి 9 కుట్లు మిగులుతాయి. కుట్లు తగ్గేకొద్దీ సర్క్యులర్ సూది మీద అందవు, రెండువైపులా మొనలుండే పొట్టి సూదులకు మార్చుకోండి. దారం తెంపి, ఆ తొమ్మిదిలోంచి దూర్చి బిగించి, కొసలు లోపల దాచేయండి.

ఇప్పుడది పెద్ద సంచిలా, గడ్డం దాకా దిగుతుంది. టెన్షన్ పడొద్దు, అలాగే ఉండాలి.

జిప్ ఉన్న దిండు గలీబులో వేసి, పాత జీన్స్ ఒకటి తోడిచ్చి, కొంచెం డిటర్జెంట్‌తో 60 డిగ్రీల వేడిలో మెషీన్ తిప్పండి. గలీబు లేకపోతే రాలిన పీచు మెషీన్‌లో ఇరుక్కుంటుంది. టవల్ మాత్రం వేయకండి, దాని నూగు టోపీకి అంటుకుని ఇక వదలదు. అయిదు నిమిషాలకోసారి ఆపి చూడాలి, అందుకే మధ్యలో మూత తీయగలిగే టాప్ లోడ్ అయితే హాయి. కాసేపు ఏమీ జరగనట్టే ఉండి, ఉన్నట్టుండి చకచకా ముడుచుకుంటుంది. కుట్లు విడివిడిగా కనిపించకుండా పోయి, తలకు కాస్త బిగువుగా సరిపోగానే తీసేయండి. స్పిన్ దాకా ఉంచితే పడ్డ మడతలు పోవు. మెషీన్ లేకపోతే రబ్బరు గ్లౌజులు వేసుకుని బకెట్ వేడినీళ్లలో సబ్బుతో రుద్దడమే, చేతులు నొప్పెడతాయి గానీ ఎక్కడ ఆపాలో మీ చేతిలోనే ఉంటుంది.

చల్లటి నీళ్లలో జాడించి, టవల్‌లో చుట్టి నీళ్లు అదమండి. తల కొలత ఉన్న గిన్నె బోర్లించి, ప్లాస్టిక్ కవర్ తొడిగి, దానిమీద టోపీని లాగి సర్దండి. చిన్నదైందనిపిస్తే తడి మీదే గట్టిగా లాగాలి, కొంతవరకు సాగుతుంది. పెద్దదైతే మళ్లీ వేడినీళ్లలోకి. పూర్తిగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అంచు వంకరగా వస్తే కత్తెరతో సమంగా కత్తిరించేయండి, బాగా బిగిసిన ఫెల్ట్ దారాలు ఊడవు.