వేసవి రగ్బీ శిబిరానికి పిల్లలను పంపే ముందు

హైదరాబాదులో వేసవి శిబిరాల కాలం వచ్చింది గనుక, పిల్లలను రగ్బీలో చేర్పించే ముందు వీటిని సరిచూసుకోండి.

తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిందన్న అనుమానం కలిగినా చాలు, ఆ బిడ్డను వెంటనే తప్పించి ఆ రోజు మళ్లీ ఆడనివ్వబోమని శిక్షకుడి నోట ముందే వినండి. రెండో దెబ్బ ప్రాణం మీదికి తేవచ్చు.

ఒడ్డూ పొడుగూ చూసి కాక, పుట్టిన తేదీ చూసి విభాగం నిర్ణయించాలి. ఇంగ్లండు నియమాల ప్రకారం 8 ఏళ్ల లోపు విభాగం వరకు ట్యాకిల్ (బంతి పట్టుకున్నవాణ్ణి ఒడిసిపట్టి కింద పడేయడం) లేదు, అతడి నడుముకు వేలాడే పట్టీని లాగితే చాలు. 9 ఏళ్ల లోపు విభాగంలోనే ట్యాకిల్ మొదలవుతుంది. బలంగా ఉన్నాడని పిల్లవాణ్ణి పై విభాగంలోకి నెట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

9 ఏళ్ల లోపు విభాగం వరకు బంతి 3వ సైజుదే ఉండాలి, పెద్దది చిన్న చేతుల్లో నిలవదు.

మైదానాన్ని మడమతో గట్టిగా నొక్కి చూడండి. ఎండకు బిగిసి గుంట పడని నేల మీద ట్యాకిల్ సాధన వద్దు.