సింక్ కింద గ్రైండర్ పెట్టించుకునే ముందు, పెట్టించుకున్నాక

నల్లగొండలో ప్లంబింగ్ పని మొదలుపెట్టి నాకు ఇరవై రెండేళ్లు. కొత్తలో సింక్ కింద ఒక కప్లింగ్ (సింక్ రంధ్రానికి బిగించే జాలీ బిళ్ల), ఒక వేస్ట్ పైపు, అంతే. ఇప్పుడు హైదరాబాద్ రోడ్డు, దేవరకొండ రోడ్డు వైపు కట్టే కొత్త ఇళ్లలో ఫుడ్ వేస్ట్ డిస్పోజర్, అంటే మిగిలిన తిండిని నలిపి నీళ్లతో పైపులోకి పంపే మెషీన్, పెట్టమని అడుగుతున్నారు. చాలామంది దాన్ని ‘సింక్ మిక్సీ’ అంటారు. ఆ పేరు వల్లే సగం రిపేర్లు వస్తున్నాయి. మిక్సీలో ఉన్నట్టు దీంట్లో బ్లేడ్లు ఉండవు. అడుగున ఒక పళ్లెం గిర్రున తిరుగుతుంది. దాని మీద అటూ ఇటూ కదిలే లోహపు ముక్కలు ఉంటాయి. అవి తిండి పదార్థాన్ని చుట్టూ ఉన్న గరుకు రింగుకేసి కొడితే, కొబ్బరి కోరినట్టు అరిగి నీళ్లతో కిందికి పోతుంది. ఇది కోసే మెషీన్ కాదు, అరగదీసే మెషీన్. నార ఉన్నది ఏది వేసినా తెగదు, చుట్టుకుంటుంది.

కొనే ముందు మొదట ఒక సంగతి చూసుకోండి: మీ సింక్ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? డ్రైనేజీ లైన్‌కు పోతే సరే. సెప్టిక్ ట్యాంకులోకి పోతే మాత్రం నేను వద్దనే చెబుతాను. రోజూ అరిగిన తిండి ట్యాంకులో బురదగా పేరుకుంటుంది, ట్యాంకు ఖాళీ చేసే బండిని తొందర తొందరగా పిలిపించాల్సి వస్తుంది. పెరడు ఉన్నవాళ్లు తొక్కలు ఎరువు గుంతలో వేసుకోవచ్చు. మా ఊళ్లో మా అమ్మ ఇప్పటికీ బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు కుడితి గోళెంలోనే పోస్తుంది. బర్రె ఉన్న ఇంటికి ఈ మెషీన్ అవసరమే లేదు.

రెండోది కరెంటు. ఒక సారు వాళ్ల అబ్బాయి అమెరికా నుంచి సూట్‌కేసులో కొత్త డిస్పోజర్ తెచ్చాడు. అట్టపెట్టె విప్పి ప్లేటు చదివితే 115 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. 1927లో జాన్ హ్యామెస్ అనే ఆయన దీన్ని మొదట తయారుచేసింది అక్కడి విస్కాన్సిన్ రాష్ట్రంలోనే. అక్కడి ఇళ్లకు చేసిన మెషీన్ అక్కడి కరెంటుకే సరిపోతుంది. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ తగ్గించినా హెర్ట్జ్ మారదు, మోటారు నెమ్మదిగా తిరిగి వేడెక్కుతుంది. ఆ అబ్బాయి ఎంత చెప్పినా నేను పెట్టనన్నాను.

సాకెట్ తప్పకుండా ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నులది కావాలి. ఆ లైన్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే బ్రేకర్, ఉంటే మంచిది. మన ఇళ్లలో సింక్ పక్క అరలోనే గ్యాస్ సిలిండర్ పెడతారు. ఆ అరలో సాకెట్ పెట్టించొద్దు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే కిందనే నిలుస్తుంది, సాకెట్‌లో చిన్న నిప్పురవ్వ చాలు. సిలిండర్ వేరే చోటికి మార్చాకే నేను పని మొదలుపెడతాను.

ఇక బిగింపు. ఎక్కువ డిస్పోజర్లకు సింక్ రంధ్రం 90 మిల్లీమీటర్లు, అంటే మూడున్నర ఇంచులు ఉండాలి. మన స్టీలు సింకుల్లో అంతకంటే పెద్ద రంధ్రాలు కూడా వస్తాయి, వాటికి అడాప్టర్ రింగు దొరుకుతుంది. టేపు పెట్టి కొలిచాకే కొనండి. పాత కప్లింగ్ విప్పేటప్పుడు కింద బకెట్ పెట్టండి. రంధ్రం చుట్టూ ఉన్న పాత సిలికాన్, జిడ్డు బ్లేడుతో పూర్తిగా గీకేయాలి. ఇక్కడ కాస్త మిగిలినా తర్వాత బొట్టు బొట్టుగా కారుతుంది. పైనుంచి ఫ్లాంజ్‌ను (సింక్ రంధ్రంలో కూర్చునే అంచు ఉన్న గొట్టం) రబ్బరు వాషర్‌తో గాని సిలికాన్‌తో గాని కూర్చోబెట్టాలి. కింది నుంచి వరసగా ఫైబర్ వాషర్, బ్యాకప్ రింగు, మౌంటింగ్ రింగు ఎక్కించి, చివర స్నాప్ రింగును గాడిలో టక్కుమనేలా పెట్టాలి. మూడు స్క్రూలు ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా, సమానంగా బిగించండి. ఒకటే పూర్తిగా బిగిస్తే ఫ్లాంజ్ వంగుతుంది. సిలికాన్ వాడితే ఒక రోజు నీళ్లు తగలనివ్వొద్దు.

డిష్‌వాషర్ పైపు దీనికే కలపాలనుకుంటే, మెషీన్‌ను పైకి ఎక్కించకముందే పక్క గొట్టంలోని మూతను స్క్రూడ్రైవర్‌తో లోపలికి కొట్టి, పడిన ముక్కను బయటికి తీసేయండి. డిష్‌వాషర్ లేకపోతే ఆ మూత ముట్టుకోవద్దు. మెషీన్ బరువుగా ఉంటుంది, పడుకుని ఒంటి చేత్తో ఎత్తలేరు. బకెట్ బోర్లించి, దాని మీద పాత పుస్తకాలు పేర్చి మెషీన్‌ను ఆనించి, మూడు చెవులూ రింగులో కూర్చున్నాక లాక్ పడేదాకా తిప్పండి.

నేను ఎక్కువగా సరిచేయాల్సి వచ్చేది పైపునే. మన సింకులకు మడతలు మడతలుగా ఉండే ఫ్లెక్సిబుల్ వేస్ట్ పైపు పెడతారు. డిస్పోజర్‌కు అది పనికిరాదు. ప్రతి మడతలో మెత్తటి తిండి కూర్చుని కుళ్లుతుంది. లోపల నున్నగా ఉండే 40 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, పీ-ట్రాప్ (వాసన పైకి రాకుండా కొన్ని నీళ్లు నిలిచే వంపు పైపు) పెట్టించండి. అడుగుకు పావు ఇంచు వాలు ఉండాలి. గోడలోని పైపు నోరు మెషీన్ ఎల్బో (నీళ్లు బయటికి వచ్చే వంపు గొట్టం) కంటే కిందికే ఉండాలి. పైకి ఉంటే నీళ్లు వెనక్కి తన్ని మెషీన్‌లోనే నిలుస్తాయి, ఎంత కడిగినా వాసన పోదు. అయ్యాక సింక్ నిండా నీళ్లు నింపి ఒక్కసారిగా వదలండి. ప్రతి జాయింట్ కింద పొడి పేపరు పెట్టి చూడండి, ఒక్క చుక్క పడ్డా తెలుస్తుంది.

వాడేటప్పుడు ముందు చల్లటి నీళ్లు, తర్వాత స్విచ్, తర్వాత కొంచెం కొంచెంగా పదార్థం. గరగర శబ్దం పోయి మోటారు శబ్దం ఒక్కటే వినిపించాక ఇంకో అర నిమిషం నీళ్లు వదలాలి. వేడి నీళ్లు పోస్తే నూనె కరిగి ముందుకు పోయి పైపులో గడ్డ కడుతుంది. మునక్కాయ పిప్పి, పుంటికూర కాడలు, ఉల్లిగడ్డ పొట్టు, మక్క బెండ్లు, మటన్ బొక్కలు, చింతపండు పిప్పి వేయొద్దు. అన్నం, ఆలుగడ్డ తొక్కలు ఎక్కువ వేస్తే జిగురులా పట్టుకుంటాయి. వాడిన నూనె అసలే వద్దు.

పానగల్లులో ఒక పెద్దమ్మ ఫోన్ చేసి, “బిడ్డా, గుర్రుమంటుంది గని తిరుగుతలేదు” అంది. వెళ్లి చూస్తే రెండు చింతగింజలు పళ్లేనికీ రింగుకూ మధ్య ఇరుక్కున్నాయి. ఇలా అయితే వెంటనే స్విచ్ ఆపాలి, లేకపోతే మోటారు కాలిపోతుంది. తర్వాత ప్లగ్ పీకాలి. మెషీన్ అడుగున నడిమధ్య చాలా మోడళ్లకు రంధ్రం ఉంటుంది. అందులో పావు ఇంచు అలెన్ కీ (ఆరు పలకల వంపు తాళంచెవి) పెట్టి అటూ ఇటూ తిప్పితే ఇరుక్కున్నది వదులవుతుంది. రంధ్రం లేకపోతే పైనుంచి కర్రతో పళ్లేన్ని తిప్పండి. టార్చి వేసి పట్కారుతో ముక్కను తీయండి. పది నిమిషాలు చల్లారనిచ్చి, అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కి, అప్పుడు ప్లగ్ పెట్టండి.

ప్లగ్ పీకమని ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, రామగిరిలో ఒక ఇంట్లో నేను స్విచ్ మాత్రమే ఆపి, లోపల చెయ్యి పెట్టి చెంచా తీస్తున్నాను. చెయ్యి బయటికి తీసి టార్చి అందుకునేంతలో ఇంట్లో పిల్లవాడు లైటు అనుకుని ఆ స్విచ్ వేశాడు. ఆ శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అప్పటి నుంచి ప్లగ్ పీకి కళ్ల ముందు పెట్టుకున్నాకే పని చేస్తాను. అయినా లోపల చెయ్యి మాత్రం పెట్టను.

వాసన వస్తే తప్పు ఎక్కువగా మెషీన్‌ది కాదు, పైన ఉన్న రబ్బరు పొరలది. ప్లగ్ పీకి, పాత టూత్ బ్రష్‌కు సబ్బు రాసి ఆ పొరల కింది వైపు రుద్దండి. వారానికోసారి గుప్పెడు ఐసు ముక్కలు, దొడ్డుప్పు వేసి చల్లటి నీళ్లతో తిప్పండి. మా దగ్గర బోరు నీళ్లు గట్టివి, సున్నం తెల్లగా పేరుకుంటుంది, కొంచెం వెనిగర్ పోస్తే పోతుంది. యాసిడ్ పోయొద్దు. రబ్బరు, లోహం తింటుంది. అది లోపల ఉండగా స్విచ్ వేస్తే ముఖం మీదికి చిందుతుంది.

పైన కారితే ఫ్లాంజ్ మళ్లీ కూర్చోబెట్టాలి. ఎల్బో దగ్గర కారితే వాషర్ మార్చి స్క్రూలు బిగిస్తే చాలు. మెషీన్ అడుగు నుంచే కారుతుంటే లోపలి సీలు పోయినట్టు, దాన్ని మార్చేయడమే మంచిది.

విప్పడం బిగించిన దానికి తిరుగు వరస. ప్లగ్ పీకండి, ట్రాప్ కింద బకెట్ పెట్టి పైపు వదులు చేయండి, మెషీన్ కింద ఆసరా పెట్టండి. ఆసరా లేకుండా రింగు తిప్పితే మొత్తం బరువు చేతి మీద పడుతుంది. రింగు చెవిలో స్క్రూడ్రైవర్ పెట్టి లాక్ విడిచే వైపు తిప్పితే దిగుతుంది. అదే కంపెనీ కొత్త మెషీన్ పెడుతుంటే పై రింగులు సాధారణంగా సరిపోతాయి. అద్దె ఇల్లు ఖాళీ చేస్తుంటే మూడు స్క్రూలు వదులు చేసి, స్నాప్ రింగు లేపి, ఫ్లాంజ్ పైకి నెట్టి, పాత కప్లింగ్ బిగించాలి. అందుకే మొదటి రోజు విప్పిన కప్లింగ్‌ను, దాని వాషర్‌తో సహా, ఒక కవర్‌లో కట్టి సింక్ కింద మేకుకు తగిలించి వస్తాను.