రంగు టోపీ మనకు నప్పుతుందో లేదో తేల్చుకోవడం ఎలా?

ఎర్రటి టోపీనో పసుపుపచ్చని టోపీనో ఇష్టంగా చేతిలోకి తీసుకుని, "ఇది నాకు నప్పుతుందా?" అనే సందేహంతో తిరిగి పెట్టేసేవారు ముందుగా దానిని పగటి వెలుగులో, కిటికీ పక్కన నిలబడి పెట్టుకుని చూడాలి, ఎందుకంటే దీపాల కింద రంగు ఒకలా, ఎండ వెలుగులో మరొకలా కనిపిస్తుంది. టోపీ అంచు అడుగుభాగం తన రంగును కొంత ముఖం మీదికి ప్రతిఫలింపజేస్తుంది కనుక, పైభాగం కన్నా ఆ అడుగుభాగాన్నే శ్రద్ధగా గమనించాలని నా అభిప్రాయం. ఆకుపచ్చ అడుగు వల్ల ముఖం పాలిపోయినట్టు అనిపిస్తే, పైన అదే ఆకుపచ్చ ఉండి అడుగున నలుపో ముదురు గోధుమరంగో ఉన్న టోపీని ఎంచుకోవచ్చు. ముదురు అడుగు నేల నుంచి ఎగసివచ్చే వెలుగును కూడా కొంత పీల్చుకుని కళ్లకు హాయినిస్తుంది.

టోపీ మిగతా దుస్తులతో కలిసిపోవాలంటే, వాటిలో ఒకే ఒక్క చిన్న వస్తువు, అంటే చేతిరుమాలో చెప్పులో, టోపీ రంగులో ఉంటే చాలు.

చాలాసార్లు నప్పనిది రంగు కాదు, కొలత. కనుబొమలకు, చెవులకు కాస్త పైగా, తల వెనుక ఉబ్బెత్తు భాగం మీదుగా టేపు చుట్టి కొలుచుకోవాలి. ఆ కొలతకు సరిపోని టోపీ ఏ రంగుదైనా అరువు తెచ్చుకున్నట్టే కనిపిస్తుంది. ఎండ కోసమే అయితే అంచు కనీసం 7.5 సెంటీమీటర్లు ఉండాలి. ఇంకా బిడియంగా ఉంటే, బయటికి వెళ్లే ముందు కొన్ని రోజులు ఇంట్లోనే పనులు చేసుకుంటూ పెట్టుకోండి. అద్దంలో ఆ రూపం కళ్లకు అలవాటవుతుంది.