రవీంద్రభారతిలో సభకో, కచేరీకో వెళ్ళేటప్పుడు

హైదరాబాదు సైఫాబాదులో శాసనసభకు చేరువగా ఉన్న రవీంద్రభారతి, రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సందర్భంగా 1961లో ప్రారంభమైంది. ప్రధాన మందిరంలో కచేరీలు, నాటకాలు, నృత్య ప్రదర్శనలు జరుగుతుండగా, అదే ప్రాంగణంలోని సమావేశ మందిరంలో పుస్తకావిష్కరణలు, పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో చిత్ర ప్రదర్శనలు నడుస్తుంటాయి. కాబట్టి ఆహ్వానపత్రికలో తేదీ, వేళ చూసి ఊరుకోక, కార్యక్రమం ఏ మందిరంలోనో కూడా చూసుకోవాలి. లేకుంటే వీణ వినడానికి బయలుదేరినవారు ఎవరి సన్మాన సభలోనో శాలువాలు లెక్కపెడుతూ కూర్చోవలసివస్తుంది.

సాయంత్రం ఆ రోడ్డు వాహనాలతో కిక్కిరిసి ఉంటుంది గనుక, మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో మార్గంలో లక్డీకాపూల్ లేదా అసెంబ్లీ స్టేషనులో దిగి నడవడం మేలు.

ముందు వరుసలు సాధారణంగా అతిథులకు కేటాయిస్తారు. అవి దొరకలేదని చింతించనక్కరలేదు. స్పీకర్లకు మరీ దగ్గరగా కాక, మధ్య వరుసల్లో కూర్చున్నవారికే గాత్రమూ మృదంగమూ సమంగా వినిపిస్తాయని నా అనుభవం. కచేరీకి ముందు జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు ఉంటే సంగీతం ఆలస్యంగా మొదలవుతుందని గ్రహించి, తిరుగు ప్రయాణానికి తగినంత వ్యవధి ఉంచుకోవాలి. మధ్యలో వెళ్ళక తప్పనప్పుడు కృతి ముగిసి చప్పట్లు మోగుతుండగా లేవాలే తప్ప, తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, మొదలవగానే కుర్చీలు చప్పుడయ్యేలా లేచిపోవడం మృదంగ విద్వాంసుని అవమానించడమే.